తల పట్టుకుని కూర్చున్న మనిషి

డిప్రెషన్ మీద ఒక బొమ్మ వెయ్యమని ఏ ఏఐ టూల్‌నైనా అడిగి చూడండి. ఒక కిటికీ వస్తుంది, దాని మీద వాన చినుకులు. పక్కన మోకాళ్ల మీద తల ఆనించుకునో, రెండు చేతులతో తల పట్టుకునో ఒక మనిషి. గదంతా నీలం. మొహం కనపడదు, కనపడితే మాత్రం చాలా అందంగా ఉంటుంది. ఇంకోసారి అడిగితే కిటికీ పోయి మెట్లు వస్తాయేమో గానీ నీలం మాత్రం పోదు.

నాకు డిప్రెషన్ ఉంది, మందులు వాడుతున్నాను. బొమ్మలు వేసి బతుకుతున్నాను. ఈ రెండు సంగతులూ తెలిసినవాళ్లు కనపడినప్పుడల్లా ఆరోగ్యం ఎలా ఉందని ఒకసారి, ఏఐ వచ్చాక పని ఎలా ఉందని ఇంకోసారి అడుగుతుంటారు. నాకు మాత్రం ఈ రెండూ విడివిడి సంగతుల్లా అనిపించట్లేదు. ఎందుకో రాస్తాను.

కొన్నేళ్లపాటు ఒక స్వచ్ఛంద సంస్థకు బొమ్మలు వేశాను. పేరు చెప్పను, మంచివాళ్లే. మానసిక ఆరోగ్యం మీద చిన్న చిన్న పుస్తకాలు, పోస్టర్లు అచ్చేసి క్లినిక్కుల్లో ఉచితంగా పెడతారు. డాక్టర్ పిలిచేదాకా ఏం చెయ్యాలో తోచక తిరగేసే రకం పుస్తకాలు. అలా తిరగేసేవాళ్లు చాలామంది చదవరు, బొమ్మలు చూసి పక్కన పెట్టేస్తారు. అందుకే ఆ పనిని కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసేదాన్ని.

బొమ్మ మొదలుపెట్టే ముందు, ఆ జబ్బు పడి లేచినవాళ్లతో నన్ను కూర్చోబెట్టేవాళ్లు. ఒకావిడ చెప్పింది, "నేనసలు ఏడవలేదండీ. ఏడుపొస్తే బాగుండేది. ఫోన్ మోగుతుంటే అలా చూస్తూ ఉండిపోయేదాన్ని, అంతే." ఆ ఫోన్నే వేశాను. మంచం మీద బోర్లా పడున్న ఫోన్, దాని అంచు చుట్టూ సన్నటి వెలుతురు, పక్కన ఒక చెయ్యి. ఆ చెయ్యితోనే వచ్చింది చిక్కంతా. ఫోన్ వైపు చాచినట్టు ఉండకూడదు, వెనక్కి లాక్కున్నట్టూ ఉండకూడదు. వేళ్లు కొంచెం వంచితే అలసటలా ఉంది, చాపితే హాయిగా నిద్రపోతున్నట్టుంది. చాలా కాగితాలు చింపాక, మణికట్టు దాకా దుప్పటి లాగి, బొటనవేలు దాని కిందకి తోశాను. అప్పుడు కుదిరింది. ఆవిడకి చూపిస్తే కాసేపు ఏం మాట్లాడకుండా చూసి, "దుప్పటి ఇంకొంచెం మాసి ఉండాలండీ" అంది. మాపాను.

ఆ తర్వాతి పుస్తకానికి నన్ను పిలవలేదు. అచ్చై వచ్చాకే చూశాను. కిటికీ, వాన, నీలం. ఇంకో పేజీలో కౌన్సెలర్ ఎదురుగా కూర్చున్న అమ్మాయి. ఒళ్లో పెట్టుకున్న రెండు చేతుల వేళ్లూ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి, ఏ వేలు ఏ చేతిదో తెలియట్లేదు. ప్రింటుకు వెళ్లే ముందు ఎవరూ సరిగ్గా చూసినట్టు లేరు.

ఫోన్ చేసి అడిగాను. అవతలివాళ్లు దాపరికం లేకుండానే చెప్పారు. "ఏం చెయ్యమంటారండీ, గ్రాంటు తగ్గించేశారు. బొమ్మలకయ్యే డబ్బుతో హెల్ప్‌లైన్‌లో ఒక మనిషిని ఇంకొన్ని గంటలు కూర్చోబెట్టొచ్చు. మీరైతే ఏం చేసేవారు?"

ఏం చెప్పను? ఆ హెల్ప్‌లైన్‌కి రాత్రిపూట ఫోన్ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. లైన్ కలవక చాలాసేపు పాట వినడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కానీ ఆ ప్రశ్న వాళ్ల దాకా ఎందుకు వచ్చిందన్నది కూడా చూడాలి కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచంలో దాదాపు 97 కోట్ల మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. అంటే ఎనిమిది మందిలో ఒకరు. అదే సంస్థ 2020 లెక్కల్లో, ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టే ఖర్చులో మానసిక ఆరోగ్యానికి దక్కేది సుమారుగా వందకి రెండు వంతులు. ఆ రెండు వంతుల్లోంచి రాలిన దాంట్లో హెల్ప్‌లైన్ మనిషికా, బొమ్మలేసే మనిషికా అని మేం కొట్టుకోవాలన్నమాట. ఇలా చేతిలో డబ్బు లేని చోటుకే ఏఐ బొమ్మ ముందుగా వస్తుంది. సరదాకి చేసుకునే బొమ్మల మీద నాకేం పేచీ లేదు. జబ్బుపడ్డ మనిషి చేతిలో పెట్టే పుస్తకంలోకి అది వచ్చినప్పుడే నాకు మండుతుంది.

పోనీ బొమ్మ మోస్తరుగా ఉంటే నష్టమేంటి అంటారా. ఈ తల పట్టుకున్న మనిషి ఏఐతో పుట్టలేదు. పత్రికలు కొనుక్కుని వాడే రెడీమేడ్ ఫొటోల్లో, అంటే స్టాక్ ఫొటోల్లో ఎప్పట్నుంచో ఉన్నాడు. బ్రిటన్‌లో టైమ్ టు చేంజ్ అనే సంస్థ, మానసిక సమస్యల వార్త వచ్చినప్పుడల్లా ఈ ఫొటోనే వెయ్యకండి బాబూ అని పత్రికలకు మొరపెట్టుకుంటూ ఏకంగా ఒక ప్రచారమే నడిపింది. ఇప్పుడు ఆ ఫొటోలే మెషీన్‌కి పాఠాలయ్యాయి. 2022 ఆగస్టులో బయటికొచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మల ఏఐ, లాయన్-5బి అనే డేటాసెట్‌లోని బొమ్మలతో తయారైంది. ఆ డేటాసెట్‌లో ఇంటర్నెట్ నుంచి ఏరిన బొమ్మ-వివరణ జతలు 585 కోట్లు. బొమ్మ కింద వెబ్‌సైట్ వాళ్లు ఏం రాస్తే మెషీన్‌కి అదే అర్థం. డిప్రెషన్ అని రాసి ఉన్నవాటిలో ఎక్కువగా ఉండేది తల పట్టుకున్నవాడే. మాసిన దుప్పటి కింద బొటనవేలుకి డిప్రెషన్ అని ఎవరూ పేరు రాయలేదు.

నాకు మొదటిసారి జబ్బు చేసినప్పుడు నేను తల పట్టుకోలేదు. డెడ్‌లైన్లన్నీ అందుకున్నాను, జోకులేశాను. కుంచెలు నానేసిన గ్లాసులో నీళ్లు మార్చడం మానేశాను, అంతే. ఆ నీళ్లు ముందు బూడిద రంగుకి, తర్వాత చిక్కటి ఆకుపచ్చకి మారి, పైన తెట్టు కట్టాయి. రోజూ దాన్ని చూస్తూ పక్కనే కూర్చుని కంప్యూటర్‌లో పని చేసుకునేదాన్ని. క్లినిక్ గోడ మీద తల పట్టుకున్న పోస్టర్ చూసి, పాపం అనుకుని, వచ్చిన వేరే పని చూసుకుని వెళ్లిపోయాను. ఆ పోస్టర్‌లో గ్లాసు ఉండుంటే కొంచెం ముందే డాక్టర్ని అడిగేదాన్నేమో.

పని తగ్గాక మళ్లీ కుదేలయ్యాను. ఫ్రీలాన్సర్లకి సెలవూ ఉండదు, ఉద్యోగస్తులకిచ్చే కౌన్సెలింగూ ఉండదు. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకుని, వంతు వచ్చాక వెళ్లాను. ముందు ఒక ఫారం నింపమన్నారు, డిప్రెషన్ ఎంత ఉందో చూసే పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి గానీ సంతోషం గానీ తగ్గిందా అన్నది మొదటి ప్రశ్న. పెన్ను పట్టుకుని అక్కడే ఆగిపోయాను. బొమ్మల మీద ఆసక్తి తగ్గింది, నిజమే. జబ్బు వల్ల తగ్గిందా, బొమ్మలు కావాలని అడిగేవాళ్లు లేక తగ్గిందా? ఫారం తప్పేం కాదు, దాని పని అది కాదు. ఆ సంగతి మనిషి అడిగి తెలుసుకోవాలి.

కౌన్సెలర్ ఓపిగ్గానే విన్నారు. "పని మొత్తం పోతుందని మీకు మీరే అనుకుంటున్నారు. ఈ ఆలోచనకి రుజువులేంటి, దీనికి ఎదురు రుజువులేంటి, రెండు వరసల్లో రాసుకుని రండి" అన్నారు. ఈ పద్ధతి నాకు కొత్త కాదు, అంతకుముందు దాని వల్ల బాగుపడ్డాను కూడా. అర్ధరాత్రి నేనెందుకూ పనికిరానని అనిపించినప్పుడు బాగా పనిచేస్తుంది. ఈసారి మాత్రం మొదటి వరసలో క్లయింట్ల ఈమెయిళ్లు ఒక్కొక్కటీ ఎక్కించుకుంటూ పోతే పేజీ నిండింది. రెండో వరసలో "నాకు చేతులున్నాయి" అని రాశాను, ఎగతాళిగా. అది చూసి ఆవిడ నవ్వారు, నేనూ నవ్వాను. ఇది ఆలోచనలో వచ్చిన లోపం కాదు, నిజంగా నెత్తిన పడ్డ నష్టం, దీనికి వేరే దారి వెతకాలి అన్న మాట దగ్గరికి ఇద్దరం వచ్చేసరికి నాకు కేటాయించిన సెషన్లు అయిపోయాయి. ఆవిడ వెనక ఇంకా ఎంత క్యూ ఉందో ఆవిడ మొహంలోనే కనపడింది. సాయం అసలు దొరకలేదని నేననను. దొరికింది, సరిగ్గా మొదలయ్యే చోట ఆగిపోయింది.

ఇందాకటి హెల్ప్‌లైన్ మనిషి మాటకి వస్తాను. బొమ్మల డబ్బు మిగిల్చి ఆ మనిషిని నిలబెట్టుకుంటున్నారు, సరే. ఎన్నాళ్లు? 2023లో అమెరికాలో నేషనల్ ఈటింగ్ డిజార్డర్స్ అసోసియేషన్ తన హెల్ప్‌లైన్‌ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. అప్పటికే అక్కడి సిబ్బంది యూనియన్ పెట్టుకున్నారు. ఇకపై టెస్సా అనే చాట్‌బాట్ ఉంటుందన్నారు. బరువు భయంతో తిండి మానేయడం లాంటి తిండి జబ్బులతో సతమతమయ్యేవాళ్లకి ఆ టెస్సా, క్యాలరీలు తగ్గించుకోండి, బరువు చూసుకుంటూ ఉండండి అని చెప్పింది. విషయం బయటపడగానే దాన్ని తీసేశారు. మనుషుల్ని మాత్రం వెనక్కి తేలేదు. బొమ్మలేసేదాన్ని పంపించేసిన లెక్కే ఫోనెత్తే మనిషికీ వర్తిస్తుంది. "మోస్తరుగా ఉంది కదా, చాలదా" అన్న మాట ఒకసారి నోటికి అలవాటైతే ఒక చోట ఆగదు.

అందరి తరఫునా మాట్లాడుతున్నానని అనుకోవద్దు. నా స్నేహితురాలు ఒకామెకి గీత గియ్యడం రాదు. ప్యానిక్ వచ్చినప్పుడు తనకేం కనపడుతుందో డాక్టర్‌కి చెప్పలేక, ఏఐతో ఒక బొమ్మ చేయించుకుని వెళ్లింది. "ఇది కాదు, గోడలు దగ్గరికి రావాలి, ఇంకా దగ్గరికి" అంటూ తను రాత్రంతా దాంతో కుస్తీ పట్టిందట. ఆ కుస్తీ నాకు తెలిసినదే. 1940లలో బ్రిటన్‌లోని నెథర్న్ మానసిక ఆస్పత్రిలో ఎడ్వర్డ్ ఆడమ్సన్ అనే చిత్రకారుడు రోగులకి రంగులూ కాగితాలూ ఇచ్చి, ఇలా వెయ్యి అలా వెయ్యి అనకుండా పక్కన ఉండేవాడు. నా స్నేహితురాలికి ఆ రాత్రి పక్కన మనిషి ఎవరూ లేరు, అదొక్కటే నాకు బాధ.

నేను చేసే పనులంటారా, చిన్నవే. ఇంటర్నెట్‌లో పెట్టే ప్రతి బొమ్మకీ గ్లేజ్ వేస్తున్నాను. షికాగో యూనివర్సిటీ వాళ్లు 2023లో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ అది, మన శైలిని మెషీన్ తేలిగ్గా పట్టుకోకుండా బొమ్మలో కంటికి ఆనని మార్పులు చేస్తుంది. నా పాత కంప్యూటర్ దాంతో నానా అవస్థా పడుతోంది. పూర్తి రక్షణ అని ఎవరూ అనట్లేదు గానీ వేస్తున్నాను. 2023 జనవరిలో సారా ఆండర్సన్, కెల్లీ మెకెర్నన్, కార్లా ఓర్టిజ్ అనే ముగ్గురు చిత్రకారులు, తమ బొమ్మల్ని అడక్కుండా వాడుకున్నారని ఏఐ బొమ్మల కంపెనీల మీద కోర్టుకెళ్లారు. ఆ కేసు వార్త ఎక్కడ కనపడినా చదువుతాను, చదివాక కాసేపు పని సాగదు.

సంస్థవాళ్లకి మళ్లీ ఫోన్ చేసి డబ్బు సంగతి ఎత్తలేదు. ఒక్కటే అడిగాను: బొమ్మ ఎవరు చేసినా, ఏది చేసినా, అచ్చుకు పంపే ముందు ఆ జబ్బు పడ్డవాళ్లకి చూపించండి, ఇలా ఉండదని వాళ్లంటే తీసెయ్యండి అని. దానికి ఒప్పుకున్నారు. వచ్చే పుస్తకం యాంగ్జైటీ మీదట, నలుగురైదుగురిని పిలుస్తారట. పేషెంట్ల వరసలో నా పేరు రాసుకున్నారు. బొమ్మలు ఎవరు వేస్తున్నారని అడిగితే ఇంకా తేలలేదన్నారు.