బసవన్న కథకు శ్లోకం అడిగారు: కనుమ నాటికకు అనుమతి తెచ్చుకున్న నా అనుభవం

కనుమ నాటి సాయంత్రం మా కాలనీ పార్కులో పిల్లల చేత ఒక హాస్య నాటిక వేయించాను. మేము ఉండేది విశాఖపట్నంలో, మాధవధార వైపు. నాటిక అరగంటే. దానికి అనుమతులు తెచ్చుకునేసరికి ధనుర్మాసం సగం గడిచిపోయింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది కాబట్టి వేడి చల్లారకముందే రాస్తున్నాను. వచ్చే సంక్రాంతికి ఇలాంటి పని తలపెట్టేవారికి పనికొస్తుంది.

కథ చాలామందికి తెలిసిందే. శివుడు బసవన్నను పిలిచి, "భూలోకానికి వెళ్లి, రోజూ తలంటుకోమని, నెలకొక్కసారి భోంచేయమని మనుషులకు చెప్పిరా" అంటాడు. బసవన్న తడబడి, రోజూ భోంచేయమని, నెలకొక్కసారి తలంటుకోమని చెప్పి వస్తాడు. "మరి అంత తిండి ఎవరు పండిస్తారు? నువ్వే వెళ్లి దున్ను" అని శివుడు శపిస్తాడు. ఎద్దు నాగలికి వచ్చింది అలాగేనట. ఆ రుణం తీర్చుకోవడానికే కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టి పూజిస్తాం. తమిళులు మాట్టు పొంగల్ నాడు చెప్పుకునేదీ ఈ కథే. నాకు మాత్రం చోడవరంలో మా అమ్మమ్మ పశువుల పాక ముందు కూర్చోబెట్టి చెప్పింది.

నా నాటికలో బసవన్న స్కూటరు మీద దిగుతాడు. ఎన్‌ఏడీ కూడలిలో ట్రాఫిక్‌లో చిక్కుకుని, "రోజూ తలంటు, నెలకో భోజనం" అని వల్లె వేస్తుంటాడు. పూర్ణా మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి అరిసెలు వేగుతున్న వాసన తగులుతుంది, మాట తిరగబడుతుంది. కాలనీవాళ్లు సంబరపడి ఆ సందేశాన్ని వాట్సాప్‌లో ఊరంతా పంపేస్తే అది తిరిగి తిరిగి కైలాసానికే చేరుతుంది. శాపం తగిలిన బసవన్న పొలానికి వెళ్తే అక్కడ ట్రాక్టరు దున్నుతూ ఉంటుంది. "నా శాపాన్ని కూడా ఇది లాక్కుంది, నేనెక్కడికి పోను స్వామీ?" అని ఏడుస్తాడు. చివరికి గంగిరెద్దుగా మారి మన వీధికే వస్తాడు. నోరు విప్పితే మళ్లీ ఏ మాట దొర్లుతుందోనని, ఎవరేమడిగినా తల మాత్రం ఊపుతాడు. ఈ ముగింపు తట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గంగిరెద్దు ఎందుకు తల ఊపుతుందో ఇంత సబబుగా ఇంకెవరైనా చెప్పి ఉంటే నాకు చూపించండి.

పార్కు వాడుకోవడానికి దరఖాస్తు పెట్టి, రుసుము కట్టాం, ఇచ్చారు. మైకు అనుమతి కోసం పోలీసు స్టేషనుకు వెళ్లాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. నివాస ప్రాంతాల్లో పగటిపూట 55 డెసిబెల్స్ దాటకూడదు. మాది సాయంత్రపు కార్యక్రమమని దరఖాస్తులోనే రాశాను కాబట్టి అక్కడివారు మర్యాదగా కూర్చోబెట్టి కాగితం ఇచ్చి పంపారు. స్టేషను మెట్లు ఎక్కడానికి జంకి ఈ పని నా మీద వేసిన మా కాలనీ మగవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

అసలు పరీక్ష మా సంక్రాంతి సంబరాల సంఘం దగ్గర ఎదురైంది. అధ్యక్షులు పెద్ద ఉద్యోగం చేసి విరమించినవారు. నాటిక ప్రతి ఇచ్చి వస్తే చాలనుకుని వెళ్తే, అందరి ముందూ నిలబడి చదవమన్నారు. ఒక పక్క కోశాధికారి చందా రసీదులు లెక్కపెడుతున్నారు, ఇంకో పక్క ముగ్గుల పోటీకి పేర్లు రాసుకుంటున్నారు. నటులు లేరు, వేషాలు లేవు. బసవన్న మాటలూ శివుడి మాటలూ నేనే చదవాలి. ఒక్కరు నవ్వలేదు. అరిసెల ఘట్టం దగ్గర ఆయన చెయ్యి ఎత్తి ఆపారు.

"ఇది ఏ పురాణంలో ఉందమ్మా? శ్లోకం చూపించండి."

"పురాణం కాదండీ, జనం చెప్పుకునే కథ" అన్నాను.

"అంటే ఆధారం లేదన్నమాట."

ప్రతి తీసుకుని, అట్ట మీద ఎర్ర సిరాతో "ఆధారం లేదు" అని రాసి, కింద తేదీ వేసి సంతకం పెట్టారు. ఆ అట్ట మీద మా ఆరో తరగతి పిల్ల మైనపు రంగులతో బసవన్న బొమ్మ వేసింది. సంతకం సరిగ్గా రెండు కొమ్ముల మధ్య పడింది. ఆ కాగితం పట్టుకుని పిల్లల ముందుకు ఎలా వెళ్లాలో తెలియక చాలాసేపు మెట్ల మీదే కూర్చున్నాను.

శ్లోకం అడిగే పెద్దలను నేనూ ఒకటి అడుగుతాను. తోలుబొమ్మలాటలో రామాయణం ఆడుతుండగా కేతిగాడూ బంగారక్కా తెర మీదికి వచ్చి నవ్వించి పోతారు. వాళ్లు ఏ కాండలో ఉన్నారు? బుర్రకథలో ఒక వంతను కేవలం హాస్యం కోసమే పెట్టుకున్నాం. రామదాసు చెరలో ఉండి సాక్షాత్తూ రాముడినే నిలదీశాడు, ఆ కీర్తనలు మనం భజనల్లో పాడుకుంటున్నాం. మన సింహాచలం కొండకు ఇప్పటికీ మొక్కుగా కోడెదూడలను ఇస్తారు. ఆ దూడ జాతి కథను పిల్లలు నవ్వుతూ చెప్పుకుంటే అప్పన్నకు కోపం వస్తుందా? నాటకాలను నిషేధించే అధికారం కోసం 1876లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. మన పార్లమెంటు 2017లో దాన్ని రద్దు చేసింది. ఒక కాలనీ సంఘానికి ఆ అధికారం ఎవరిచ్చారు?

పండితుల చేత లేఖ రాయించుకు రమ్మన్నారు. దగ్గరి గుడి అర్చకస్వామి నాటిక మొత్తం విని కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. తమ నాయనమ్మ చెప్పిన కథలో శివుడు మూడుసార్లు తలంటుకోమన్నాడని కూడా చెప్పి, "లోకంలో ఉన్న కథే, దోషం లేదు" అని రాసిచ్చారు. సంఘం ఆ లేఖను తిరగేసి చూసి ముద్ర లేదంది. ఆ తరువాత షరతులు పెట్టారు: నంది స్కూటరు ఎక్కకూడదు, శివుడు ఫోను ముట్టకూడదు.

ఫోను పార్వతీదేవి చేతికి ఇచ్చాను. అమ్మవారు సందేశం ముందుగా చదివి, స్వామివారికి చెప్పాలా వద్దా అని ఆలోచించే ఘట్టం అలా పుట్టింది, నాటిక మొత్తానికి ఎక్కువ నవ్వులు దానికే వచ్చాయి. స్కూటరు మాత్రం వదలనన్నాను. అప్పుడు పిల్లల తల్లులు సమావేశానికి వచ్చి, నాటిక లేకపోతే తమ చందాలు వెనక్కి ఇమ్మన్నారు. కోశాధికారి అధ్యక్షుల చెవిలో ఏదో చెప్పారు. మరుక్షణం స్కూటరుకు అనుమతి వచ్చింది. కాబట్టి లేఖల కోసం తిరగవద్దు. చందా ఇచ్చిన ఇల్లాళ్లను మొదటి రోజే వెంటబెట్టుకుని వెళ్లండి.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, అందుకే ఆ రోజు పెట్టుకున్నాం. ఊళ్లకు వెళ్లినవాళ్లు తప్ప అందరూ వచ్చారు. మినపగారెలు పంచుతుండగానే తెర తీశాం. ట్రాక్టరు మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. ముందు వరుసలో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూర్చున్నారు, ఊళ్లో ఎడ్లను అమ్ముకుని పట్నం వచ్చిన మనిషి. "నిజమేనమ్మా" అని పైకే అన్నారు. అంతకంటే పెద్ద ఆధారం నాకు అక్కర్లేదు.

ముక్కనుమ నాడు అధ్యక్షులు ఎదురుపడి, పిల్లలు బాగా చేశారన్నారు. వచ్చే ఏడు కృష్ణుడు గోవర్ధనగిరి ఎత్తిన కథ వేయమన్నారు, దానికైతే భాగవతంలో ఆధారం ఉందట. ప్రతి ముందుగా చూపించమని కూడా అన్నారు. వేస్తాను, చూపించను అని చెప్పాను.