200 కి.మీ. గ్రూప్ సైకిల్ రైడ్: మూడు పంచర్లు, మూడూ వెనక చక్రానికే

62వ కిలోమీటరు, 97, 131. మూడు చోట్ల దిగిపోయాను. ఇంటికి రాగానే స్నానం కూడా చేయకుండా మూడు ట్యూబులూ నేల మీద పరిచి, కొలత టేపు పట్టుకుని కూర్చున్నాను.

మిగతాదంతా బ్రహ్మాండం. ఎనిమిది మందిమి, సైకిల్ మీద 8 గంటల 40 నిమిషాలు, మొత్తం 12 గంటల 10 నిమిషాలు. బ్రెవేల్లో, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లలో, 200 కి.మీ.కి ఇచ్చే 13 గంటల 30 నిమిషాల లోపే ముగించాం.

మొదటిది కంకర తేలిన పల్లె రోడ్డు మీద. ముల్లే అనుకున్నాను. టైరు లోపల రెండుసార్లు వేళ్లతో తడిమాను, ఏమీ తగల్లేదు. కొత్త ట్యూబు వేసి బయల్దేరాం, 18 నిమిషాలు. పాత ట్యూబుకు బెజ్జం ఎక్కడుందో చూడకుండా మడిచి సంచిలో పెట్టేశాను. పెద్ద తప్పు అదే.

రెండోసారి పొలాల మధ్య నున్నటి తారు మీద. ఈసారి లారీ టైర్ల సన్న తీగ అనుకున్నాను. అది టైరు వంగితే తప్ప బయటపడదు. టైరు తిరగేసి ఎండలో అంగుళం అంగుళం వెతికాను. 22 నిమిషాలు. మూడోసారికి నా ట్యూబులు అయిపోయాయి. తన ట్యూబు చేతికిస్తూ మాలో పెద్దాయన అన్నారు: "ముందు బెజ్జం ఎటువైపుందో చూడు బాబూ." రిమ్ము వైపు ఉంది! అంటే రిమ్ములోని స్పోకు రంధ్రాల అంచులు ట్యూబుకు తగలకుండా కప్పే రిమ్ టేపుదే తప్పు. దాని మీద ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టాం. 41 నిమిషాలు. ఎండలో ఏడుగురూ నిలబడ్డారు, ఒక్కరూ విసుక్కోలేదు. తర్వాతి 69 కి.మీ. ఏ గొడవా లేదు.

ఇప్పుడు లెక్క. నా రిమ్ముకు లోపలి చుట్టుకొలత సుమారు 192 సెం.మీ., 32 స్పోకులు, అంటే 6 సెం.మీ.కి ఒక రంధ్రం. వాల్వు రెండింటి మధ్య ఉంటుంది కాబట్టి రంధ్రాలు 3, 9, 15, 21, 27, 33 దగ్గర వస్తాయి. ట్యూబుల మీద బెజ్జాలు వాల్వు నుంచి 33.5, 32.5, 9. ట్యూబు సాగుతుంది కాబట్టి అర సెంటీమీటరు తేడా పట్టించుకోలేదు. 33 దగ్గర టేపు 2 మి.మీ. పక్కకు జరిగి రంధ్రం అంచు నెలవంకలా బయటపడింది. 9 దగ్గర టేపు జరగలేదు, కానీ గుంటపడి చీలింది.

ఇదే టేపుతో 1,400 కి.మీ. తిరిగాను, మరి ఇప్పుడే ఎందుకు? పోయిన వారం టైర్లలో గాలి ఒత్తిడి 70 నుంచి 80 పీఎస్ఐకి పెంచాను. 20 డిగ్రీల్లో కొట్టిన గాలి 40 డిగ్రీలకు మరో 6 పీఎస్ఐ పెరుగుతుంది. కానీ రెండోసారి, మూడోసారి చేతిపంపుతో 70 కూడా దాటి ఉండదు, కాబట్టి గాలి ఒక్కటే కారణం కాదు. పోయిన వారమే టైరు మార్చినప్పుడు, టైరు ఊడదీసే లివర్ తగిలి టేపు జరిగిందని నా నమ్మకం. 9 దగ్గర చీలిక మాత్రం దీనికి లొంగడం లేదు.

ప్లాస్టిక్ టేపు ఇక వద్దు. వెలాక్స్ గుడ్డ టేపు అంటుకుని ఉంటుంది, జరగదు. ముందు చక్రానికీ అదే వేస్తాను. ప్యాచ్ అంటే నాకు రెమా టిప్‌టాపే, జిగురు అక్కర్లేని రకాలు ఎండకు లేచిపోతున్నాయి.

తర్వాత 300 కి.మీ. బ్రెవే. గడువు 20 గంటలు, అంటే రాత్రి చీకట్లో పంచరు వేయాల్సి రావచ్చు. హెడ్‌ల్యాంప్ పెట్టుకుని, గడియారం చూసుకుంటూ ఇంట్లో సాధన మొదలుపెడతాను. 28 బదులు 32 మి.మీ. టైర్లు వేసి 60-65 పీఎస్ఐతో తొక్కాలని ఉంది. ఫ్రేముకూ టైరుకూ మధ్య ఖాళీ రేపు కొలవాలి.