కోర్ చల్లబడితే కార్డు చల్లబడినట్టేనా?

గ్రాఫిక్స్ కార్డుతో వచ్చిన కూలర్‌ను విప్పేసి, విడిగా కొన్న పెద్ద కూలర్‌ను బిగించినవారు ముందుగా చూసేది కోర్ (కార్డులోని ప్రధాన గ్రాఫిక్స్ చిప్) ఉష్ణోగ్రతనే. నేనూ మొదట్లో అంతే. పరీక్షలు చేస్తూ పోయిన కొద్దీ, ఆ ఒక్క అంకెను చూసి ఏ కూలర్‌నైనా మెచ్చుకోవడం మానేశాను.

కార్డుతో వచ్చే కూలర్ చాలావరకు కోర్‌తో పాటు మెమరీ చిప్‌లనూ, విద్యుత్తును సరఫరా చేసే వీఆర్ఎం భాగాలనూ చల్లబరిచేలా తయారవుతుంది. ఆర్కిటిక్ ఆక్సెలెరో ఎక్స్‌ట్రీమ్ 3, రైజిన్‌టెక్ మార్ఫియస్ వంటి కూలర్లలో మాత్రం పెద్ద హీట్‌సింక్ (వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు దిమ్మ) కోర్‌ను మాత్రమే తాకుతుంది. మిగిలిన చిప్‌లకు చిన్న చిన్న హీట్‌సింక్‌లను మనమే అతికించుకోవాలి. మార్ఫియస్‌లో వేడిని మోసుకుపోయే గొట్టాలు, అంటే హీట్‌పైపులు, 12 ఉన్నాయి కనుక కోర్ చల్లబడడంలో ఆశ్చర్యం లేదు. అసలు పరీక్ష ఆ చిన్న ముక్కల దగ్గరే మొదలవుతుంది.

ఒకసారి పరీక్ష మొదలైన అరగంటకు లోపల సన్నగా టక్కుమన్న చప్పుడు వినిపించింది. పక్క పలక తీసి చూస్తే, ఒక మెమరీ చిప్‌పై అతికించిన హీట్‌సింక్ ఊడి కేసు అడుగున పడి ఉంది. మామూలు నిలువు కేసులో కార్డు ముఖం కిందికి ఉంటుంది కాబట్టి ఈ ముక్కలన్నీ తలకిందులుగా వేలాడుతూ ఉంటాయి. పాత థర్మల్ ప్యాడ్ (చిప్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే మెత్తని పొర) వదిలిన నూనె జిడ్డును నేను సరిగా తుడవకపోవడమే దానికి కారణం. అప్పటినుంచి ప్రతి చిప్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, ముక్కలను గట్టిగా అదిమి, కార్డును ఒక రాత్రంతా బల్లపై పడుకోబెట్టి ఉంచుతున్నాను. ఆ ముక్క ఊడిన తరువాత కూడా కోర్ అంకె కదలలేదన్నది గమనించవలసిన విషయం.

మెమరీ ఉష్ణోగ్రతను చూపించే కార్డులైతే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చదవవచ్చు; జీడీడీఆర్6ఎక్స్ రకం మెమరీ 110 డిగ్రీల దగ్గరకు చేరిందంటే కార్డు తన వేగాన్ని తగ్గించుకుంటుంది. వీఆర్ఎంకు అనేక కార్డుల్లో సెన్సర్ రీడింగే కనిపించదు. అక్కడ ఉష్ణోగ్రతను కొలిచే కె-రకం థర్మోకపుల్ తీగను వీఆర్ఎంలోని మాస్‌ఫెట్ అనే భాగం పక్కన వేడిని తట్టుకునే టేపుతో అంటించి కొలవడం తప్ప వేరే దారి లేదు. ఇది ఓపికతో చేయవలసిన పనే, కానీ దీన్ని వదిలేసిన పరీక్షను నేను పరీక్షగా లెక్కపెట్టను.

ఇక రెండు కూలర్లను పోల్చేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, కార్డు రెండుసార్లూ ఒకే పని చేసిందనుకోవడం. ఎన్విడియా 2012లో జీటీఎక్స్ 680తో తెచ్చిన జీపీయూ బూస్ట్ వంటి పద్ధతుల వల్ల, చల్లగా ఉన్న కార్డు తనంతట తానే క్లాక్‌ను (పనిచేసే వేగాన్ని) పెంచుకుంటుంది. అందుకే క్లాక్‌నూ వోల్టేజీనీ ఒకచోట నిలిపి, ఎంత విద్యుత్తు వాడుతున్నదో కూడా నమోదు చేయాలి. గది 24 డిగ్రీలు ఉన్నప్పుడు 68కి చేరిన కోర్, గది 30 ఉన్నప్పుడు 74 చూపితే కూలర్ పనితనం మారినట్టు కాదు. రెండింటిలోనూ తేడా 44 డిగ్రీలే.

శబ్దం సంగతీ అంతే. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది కనుక, ఫ్యాన్లను పూర్తి వేగంతో తిప్పి సాధించిన చల్లదనానికి నేను విలువ ఇవ్వను. మీటర్‌ను ఒకే దూరంలో పెట్టి, శబ్దం సమానమయ్యే వేగాన్ని వెతికి, అక్కడ ఉష్ణోగ్రతలు చదువుతాను.

బిగింపు కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. గ్రాఫిక్స్ చిప్‌పై సాధారణంగా లోహపు మూత ఉండదు. స్క్రూలను ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా బిగించకపోతే కూలర్ ఒక పక్కకు ఒరుగుతుంది. విప్పి చూసినప్పుడు థర్మల్ పేస్ట్ (చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసేది) ఒక మూల పలుచగా, ఎదుటి మూల మందంగా కనిపిస్తే, ఆ ఫలితం కూలర్‌ది కాదు, నా చేతిది. చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోటైన హాట్‌స్పాట్‌కూ కోర్‌కూ మధ్య ఉష్ణోగ్రత తేడా అసాధారణంగా పెరిగినప్పుడు కూడా ముందుగా దీనినే అనుమానిస్తాను. కాబట్టి ఒక్కో కూలర్‌ను మూడుసార్లు విప్పి బిగించి, మూడు ఫలితాలూ దగ్గర దగ్గరగా వస్తేనే రాసుకుంటాను.

చివరి పరీక్ష మాత్రం పక్క పలక మూసే చేస్తాను. బ్లోయర్ కూలర్ వేడి గాలిని కేసు బయటికి నెట్టేది. ఈ పెద్ద కూలర్లు దానిని లోపలే వదులుతాయి. గ్రాఫిక్స్ కార్డు చల్లబడి ప్రాసెసర్ వేడెక్కిన రోజున, కూలర్‌ను కాదు, కేసు ఫ్యాన్లను మార్చవలసి వచ్చింది.