బిళ్ళ వేసుకున్నావా?

నాకు బైపోలార్ ఉందని, అంటే మనసు ఒకప్పుడు అతి హుషారుకి, ఒకప్పుడు పెద్ద దిగులుకి ఊగిపోయే జబ్బు ఉందని 2014లో తెలిసింది. తర్వాతి నాలుగేళ్లలో మూడుసార్లు మందులు మానేశాను, మూడుసార్లూ జబ్బు తిరగబెట్టింది, రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ప్రతిసారీ అందరూ "ఎందుకు మానేశావు" అని తిట్టారే కానీ, నిజంగా జవాబు వినాలని ఎవరూ అడగలేదు. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మాది తెనాలి. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మొదటిసారి వచ్చినప్పుడు పది రోజులు రాత్రికి రెండు గంటలకు మించి పడుకోలేదు, అయినా అలసటే లేదు, ఊళ్లో ఉన్న టెన్త్ పిల్లలందరికీ ఉచితంగా ట్యూషన్ చెప్పాలని హాలు బేరమాడి అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. అమ్మ గాలి సోకిందేమోనని భయపడి దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. ఆవిడకు తెలిసిన దారి అదే, నేను తప్పుపట్టను. ఆ తర్వాత మామయ్య గుంటూరులో సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ ఊపును అదుపులో పెట్టే లిథియం అనే మందు మొదలుపెట్టారు. రెండు మూడు వారాలకు నిద్ర పట్టింది, మనిషినయ్యాను.

కానీ చేయి వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే పెద్దగా తెలిసేది కాదు. బోర్డు మీద మాత్రం సుద్దముక్కతో వృత్తం గీస్తే అంచంతా రంపపు పళ్లలా వచ్చేది. ఏప్రిల్ ఎండల్లో, ఒంటిపూట బడి రోజుల్లో, ముందు బెంచీలో కూర్చునే ఏడో తరగతి పాప "టీచర్, మీకు చలేస్తోందా?" అని అడిగింది. పాప పాపం ప్రేమగానే అడిగింది. ఆ రాత్రి నుంచి నేను బిళ్ళలు మానేశాను. ఇంట్లో తెలియకుండా రోజూ స్ట్రిప్పులోంచి తీసి సింకులో వేసి నీళ్లు వదిలేదాన్ని. ఆరు వారాలు తిరక్కుండానే ఆస్పత్రిలో ఉన్నాను. లిథియం ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు ఇంకా త్వరగా, ఇంకా గట్టిగా తిరగబెట్టే ప్రమాదం ఉంటుందని అప్పటికి నాకు తెలియదు.

రెండోసారి మానేసింది బాగున్నానని. ఏడాదిగా ఏమీ లేదు కదా, ఇంకెందుకు అనిపించింది. బాగున్నది ఆ బిళ్ళ వల్లేనని లోపలున్న మనిషికి తోచదు. దానికి తోడు చుట్టాలు "ఎన్నేళ్లు మింగుతావమ్మా, కిడ్నీలు పోతాయి" అనేవాళ్లు. మూడోసారి పెళ్లయ్యాక. మా ఆయనకు ముందే చెప్పాను, అత్తయ్యకు చెప్పలేదు, హ్యాండ్‌బ్యాగులో దాచుకున్న మందు వేసుకోవడానికి సందు దొరక్క ఒకపూట, రెండుపూటలు, చివరికి మొత్తానికే పోయింది.

ఆ తర్వాత కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ తిట్టలేదు. "మొదటిసారి మానేసిన రోజు ఏం జరిగిందమ్మా?" అని అడిగి ఊరుకున్నారు. వృత్తం సంగతి చెబుతూ నేను ఏడ్చేశాను. ఆవిడ రక్తంలో లిథియం ఎంతుందో చూసి, డోసు కొంచెం తగ్గించి, అంతా రాత్రిపూటకే మార్చారు. ఉబ్బసం ఉందా అని అడిగి, లేదన్నాక వణుకు తగ్గడానికి ప్రొప్రనొలాల్ చిన్న డోసు రాశారు. రెండు వారాల్లో నా అక్షరం నాకు తిరిగొచ్చింది. ఇది మూడేళ్ల ముందే జరగాల్సింది, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

కిడ్నీల మాట పూర్తిగా అబద్ధమూ కాదు. అందుకే ఆరు నెలలకోసారి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, రక్తంలో లిథియం లెవెల్ చూపించుకుంటాను. లెవెల్‌కు రక్తం రాత్రి బిళ్ళ వేసుకున్న పన్నెండు గంటలకు ఇవ్వాలి. మాలాంటి వాళ్లకు మామూలుగా 0.6కీ 1.0కీ మధ్య ఉండేలా చూస్తారు. ఒక మే నెలలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి, అయినా "మందు మాత్రం మానొద్దు" అన్న భయంతో ఇంట్లోవాళ్లు బలవంతంగా వేయించారు. మాట ముద్దయిపోయి, కాళ్లు తడబడి ఆస్పత్రికి తీసుకెళ్తే లెవెల్ 1.8 ఉంది. ఒంట్లో నీరు, ఉప్పు పోతే లిథియం రక్తంలో పేరుకుపోతుంది. అలాంటప్పుడు బిళ్ళ వేసే ముందే డాక్టరుకు ఫోన్ చేయాలి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివీ లెవెల్ పెంచుతాయి. ఈ సంగతి మందు మొదలుపెట్టిన ఐదో ఏట కానీ నాకు తెలియలేదు!

ఇంకో మాట ఉంది, అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. స్కూల్లో మూడు నెలలు జీతం ఇవ్వలేదు, ఇంటికొచ్చి గట్టిగా అరిచాను. ఎవరైనా అరుస్తారు. మా ఆయన నెమ్మదిగా "బిళ్ళ వేసుకున్నావా?" అన్నారు. గట్టిగా నవ్వినా అదే ప్రశ్న, ఏడ్చినా అదే ప్రశ్న, అమ్మ ఫోన్ చేసినా అదే మొదటి మాట. నా కోపమంతా జబ్బు ఖాతాలో రాసేశారు. ఆ బిళ్ళ మీద అసహ్యం అక్కడ పుట్టింది.

డాక్టరమ్మ ముందే కూర్చుని ఇద్దరం ఒప్పందం రాసుకున్నాం. వారం బిళ్ళలూ ఆదివారం గడుల డబ్బాలో సర్దుతాను, అది ఫ్రిజ్ మీద అందరికీ కనబడేలా ఉంటుంది, అత్తయ్యకు కూడా చెప్పేశాం. ఆయన డబ్బా చూసుకోవచ్చు, గొడవలో మాత్రం ఆ ప్రశ్న అడగకూడదు. వరసగా రెండు రాత్రులు నాలుగు గంటలకంటే తక్కువ పడుకున్నా, ఆయనకు చెప్పకుండా ఐదు వేలు దాటి ఖర్చుపెట్టినా, నాకు ఇష్టం లేకపోయినా డాక్టరుకు ఫోన్ చేసే హక్కు ఆయనది. నేను బాగున్నప్పుడు, నా చేత్తో రాసిన కాగితం అది. మా పిన్ని కొడుకు మందులు వేసుకోనని మొండికేసినప్పుడు ఆవిడ మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసి మాట్లాడింది. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఇలాంటి కాగితం వాళ్లనూ రాసుకోమని చెప్పాను, ఇంకా రాసుకోలేదు.

పోయిన గురువారం స్కూల్ నుంచి వచ్చి బ్యాగు సోఫా మీదికి విసిరికొట్టాను. ఆయన ఫ్రిజ్ వైపు ఒకసారి చూశారు. తర్వాత నా పక్కన కూర్చుని "స్కూల్లో ఏమైంది?" అన్నారు. అరగంట చెప్పాను, మొత్తం విన్నారు.