నిండు చందనంలో అప్పన్న, రాళ్ళ చాటున రేచుకుక్కలు

శ్రావణం, ఆదివారం రాత్రి.

మా ఇంట్లో "ఎక్కడికైనా వెళ్దాం" అనగానే ముందు వచ్చే పేరు అరకు. పిల్లల లెక్కలో అది ఒక్కరోజు పని. పొద్దున బొర్రా గుహలు, దారిలో కటికి జలపాతం, మధ్యాహ్నం బొంగు చికెన్, సాయంత్రం కాఫీ తోటలు. విశాఖ నుంచి అరకు ఎంత లేదన్నా 115 కిలోమీటర్లు. వానాకాలం ఆదివారాల్లో అనంతగిరి ఘాటీలో కార్లు ఒకదాని వెనక ఒకటి పాకుతుంటాయి. అలా వెళ్ళొచ్చాక ఫోన్ నిండా ఫోటోలే కానీ, ఏ చోటా తీరిగ్గా కూర్చున్న గుర్తు ఉండదు. పైగా అత్తయ్య మోకాళ్ళకి అంతసేపు కారు ప్రయాణం కష్టం. అందుకే ఈసారి నేనే పట్టుబట్టాను. సింహాచలం కొండ, దాన్నానుకుని ఉన్న కంబాలకొండ అడవి, ఈ రెండిటి చుట్టుపక్కలే తిరుగుదాం, అంతకు మించి వద్దు అన్నాను. గుడి, ధార, జంతువులు అన్నీ మన ఊరి అంచునే ఉన్నాయి.

"సింహాచలం ఎప్పుడూ వెళ్ళేదే కదమ్మా" అన్నాడు మావాడు. నిజమే. కారులో పైదాకా వెళ్ళడం, క్యూలో నిలబడడం, పులిహోర పొట్లం పట్టుకుని దిగిపోవడం. ఆ కొండని కాళ్ళతో ఎక్కింది మాత్రం లేదు.

ఈయన అత్తయ్యని తీసుకుని ఘాట్ రోడ్డు మీదుగా పైకి వెళ్ళారు. నేనూ పిల్లలూ కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర దిగాం. ఆషాఢ పౌర్ణమికి గిరిప్రదక్షిణ మొదలుపెట్టేవాళ్ళు కొబ్బరికాయ కొట్టేది ఇక్కడే. ఈసారి ఈయన కూడా ఆఫీసు వాళ్ళతో నడిచారు. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, ఇసుకతోట, ఎన్ఏడీ, గోపాలపట్నం అన్నీ తిరిగి మళ్ళీ ఇక్కడికే రావాలి. ఆ రాత్రి ఈ మెట్ల మొదట్లో నేల కనిపించనన్ని కొబ్బరి చిప్పలుంటాయి. ఇవాళ శుభ్రంగా, వానకి తడిసి ఉంది.

మెట్లు వెయ్యి దాకా ఉంటాయంటారు. మాకంటే ముందు ఒకావిడ మెట్లపూజ చేసుకుంటూ వెళ్తోంది. నా వయసే ఉంటుంది. ఎడమచేతిలో చిన్న స్టీలు గిన్నె, అందులో తడిపసుపు. ప్రతి మెట్టుకీ వంగి, మూడు వేళ్ళతో పసుపు రాసి, బొటనవేలితో కుంకుమ అద్ది, రెండు చేతులూ జోడించి, అప్పుడు ఆ మెట్టు ఎక్కుతోంది. వెనక పదేళ్ళ పిల్లాడు కర్పూరం డబ్బా పట్టుకుని వస్తున్నాడు. వాన తుంపరకి కర్పూరం ఆరిపోతే మళ్ళీ వెలిగిస్తున్నాడు. విసుగు లేదు, తొందర లేదు. మేము పక్కనుంచి దాటిపోతుంటే ఆవిడ నవ్వి, "మీరెల్లండమ్మా, నాకు పొద్దెక్కుద్ది" అంది. మావాడు అక్కణ్ణుంచి అరకు మాట ఎత్తలేదు.

పైకి వెళ్ళాక దర్శనానికి ముందే గంగధార దగ్గరికి వెళ్ళాం. కటికిలాగా ఎత్తు నుంచి దూకే జలపాతం కాదిది. కొండ లోపలినుంచి వచ్చే ధార. దాని కింద తలవంచి నిలబడితే మెడ మీద పడే నీళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. అక్షయ తృతీయకి జరిగే చందనోత్సవం నాటి రాత్రి స్వామికి సహస్ర ఘటాభిషేకం చేసేది ఈ నీళ్ళతోనే. కొండకి అవతలి వైపు మాధవధార ఉంది. అదీ ఇలాంటిదే. మండు వేసవిలో కూడా ధార ఆగదని అత్తయ్య చెబుతుంటారు. "వాన లేకుండా నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి?" అని చిన్నది అడిగింది. ఈ కొండలన్నీ ఖోండలైట్ రాయి. ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ పగుళ్ళిచ్చిన రాయి. వానాకాలం నీరు ఆ పగుళ్ళలోకి ఇంకి, నెమ్మదిగా కిందికి జారి, దారి దొరికిన చోట బయటికి వస్తుంది. పైన చెట్లు ఉన్నంతకాలమే ఈ ఇంకడం సరిగ్గా జరుగుతుంది. అంతవరకు చెప్పాను. దానికి ఇంకో ప్రశ్న పుట్టింది. "అయితే ఇప్పుడు నా మీద పడ్డది పోయినేడు వాన నీళ్ళా?" దీనికి నా దగ్గర జవాబు లేదు కానీ, ఆ ప్రశ్న నాకు బాగా నచ్చింది.

గుళ్ళో రద్దీ ఓ మాదిరిగా ఉంది. ఈయన, అత్తయ్య మండపంలో స్తంభానికి ఆనుకుని మా కోసం కూర్చున్నారు. మావాడికి ఎనిమిదో తరగతిలో చరిత్ర అంటే ఇష్టం పట్టుకుంది, గోడల మీద రాతలు వెతకడం మొదలుపెట్టాడు. ఇక్కడి శాసనాల్లో పాతది కులోత్తుంగ చోళుడి కాలంనాటిది, 1098-99 ప్రాంతంది. ఇప్పుడు మనం చూసే గర్భాలయం 13వ శతాబ్దంలో తూర్పు గాంగరాజు నరసింహదేవుడి కాలంలో కట్టింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో, మళ్ళీ 1519లో వచ్చాడు. "రాయలు కూడా ఈ మెట్లే ఎక్కాడా?" అని వాడు వాళ్ళ నాన్నని అడుగుతుంటే, పక్కన క్యూలో ఉన్న పెద్దాయన ఒకరు "ఏనుగు మీద వచ్చుంటాడు బాబూ" అన్నారు. ఆ తర్వాత ఏనుగు ఈ కొండ ఎక్కగలదా లేదా అని చాలాసేపు చర్చ నడిచింది.

పిల్లలు కావాలని మొక్కుకుని కౌగిలించుకునే కప్పస్తంభం దగ్గర ఒక కొత్తజంట కళ్ళు మూసుకుని, చెంప ఆనించి నిలబడి ఉన్నారు. వెనకవాళ్ళు తొందరపెట్టలేదు. పెళ్ళైన కొత్తలో నేనూ అలా నిలబడినదాన్నే. అప్పుడు కోరుకున్నవాళ్ళిద్దరూ ఇవాళ నా రెండు చేతులూ పట్టుకుని ఉన్నారు. అంతకంటే దాని గురించి రాయబుద్ధి కావడం లేదు.

గర్భగుడి ముందు నిలబడే ఆ రెండు క్షణాల్లోనే చిన్నది గట్టిగా అడిగేసింది, "నానమ్మా, స్వామి ఎక్కడ?" అని. దాని తప్పేం లేదు. కనిపించేది లింగంలా ఉన్న చందనపు ముద్ద, దాని మీద నామం, పూలు. బయటికి వచ్చాక అత్తయ్య దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పారు. స్వామి ఉగ్రం చల్లారాలని ఏడాది పొడుగునా చందనంలోనే ఉంచుతారు. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ ఒక్కరోజే ఆ చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు. వరాహం ముఖం, మనిషి దేహం, సింహం తోక. ఆ రాత్రే మళ్ళీ మొదటి విడత చందనం పెడతారు. వైశాఖ పౌర్ణమికి రెండోది, జ్యేష్ఠ పౌర్ణమికి మూడోది, ఆషాఢ పౌర్ణమికి నాలుగోది. విడతకి మూడు మణుగులు. నాలుగోది మొన్నే అయింది కాబట్టి ఇప్పుడు స్వామి నిండు చందనంలో ఉన్నాడు.

"నువ్వు చూశావా నానమ్మా?"

"చూశాను తల్లీ. మీ నాన్న పుట్టకముందు."

"ఎలా ఉన్నాడు?"

అత్తయ్య కాసేపు ఏమీ అనలేదు. "జనంలో నలిగిపోతూ ఒక్క రెప్పపాటు చూశాను. కన్ను గుర్తుంది" అన్నారు. ఇన్నేళ్ళుగా ఆవిడతో ఈ గుడికి వస్తున్నాను. ఆ మాట ఎప్పుడూ నాతో అనలేదు.

కిందికి దిగాక అడవివరం దగ్గర అనాస పళ్ళు. ఈ కొండ అనాసకి వేరే ఊరి అనాస సరిరాదు. ఇది పెద్దగా ఉండదు కానీ బుట్ట పక్కనుంచి వెళ్తేనే వాసన పట్టేస్తుంది. అమ్మే ఆవిడ కాయని పిలక పట్టుకుని తిప్పుతూ, పైతోలు తీసేసి, కళ్ళని ఏటవాలుగా వరసలు వరసలుగా గాటు పెట్టి ఒక్క కండ వృథా కాకుండా లేపేసింది. ఉప్పూ కారం జల్లి ఇచ్చింది. సింహాచలం సంపెంగలు కూడా ఉన్నాయేమోనని అత్తయ్య అడిగారు. పొద్దున్నే అయిపోయాయట.

మధ్యాహ్నం ముడసర్లోవ దగ్గర ఆగి, ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం, గుళ్ళో కొన్న పులిహోర తిన్నాం. రిజర్వాయరు నీటి మీద 2018 నుంచి తేలే సోలార్ పలకలున్నాయి, 2 మెగావాట్లవి. ఆ పలకల అంచున నీటికాకులు రెక్కలు విప్పుకుని ఆరబెట్టుకుంటున్నాయి. మావాడు పలకలు చూశాడు, చిన్నది పిట్టల్ని చూసింది. వాన ముదిరితే కారెక్కేశాం.

అరిలోవ, హనుమంతవాక మీదుగా జూకి వెళ్ళేసరికి వాన వెలిసింది. ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల 1977లో మొదలైంది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. 625 ఎకరాలు కాబట్టి మొత్తం తిరగాలంటే ఇవాళ అయ్యేది కాదు. పులుల దగ్గర, జిరాఫీల దగ్గర జనం మూగి ఉన్నారు. నేను వీళ్ళని తిన్నగా రేచుకుక్కల దగ్గరికి, అంటే ధోల్ అనే అడవికుక్కల దగ్గరికి తీసుకెళ్ళాను. దేశంలో రేచుకుక్కల్ని ప్రత్యేకంగా పెంచి సంతతిని నిలబెట్టే కేంద్రం మన విశాఖ జూయే. అడవుల్లో మిగిలిన ఎదిగిన రేచుకుక్కలు ప్రపంచం మొత్తం మీద 2,500 లోపేనని అంచనా. మన ఊళ్ళో ఇంత పని జరుగుతుంటే, జూకి వచ్చే వాళ్ళలో చాలామంది ఆ ఎన్‌క్లోజర్ ముందు ఆగకుండానే వెళ్ళిపోతారు. నాకు అది నిజంగా బాధగా ఉంటుంది.

మేము వెళ్ళినప్పుడు కూడా లోపల ఏమీ కనిపించలేదు. తడిసిన గడ్డి, రాళ్ళు, పొదలు. ఒక కుటుంబం వచ్చి బోర్డు చదివి, "ఖాళీ" అని వెళ్ళిపోయారు. మావాడు కూడా కదలబోయాడు. అత్తయ్య అక్కడున్న బెంచీ తుడుచుకుని కూర్చుని, "కూర్చోండిరా. ఉన్నదెక్కడికి పోద్ది?" అన్నారు. కూర్చున్నాం. ముందు ఈలలాంటి శబ్దం వచ్చింది, పిల్లలు పెన్ను మూతలోకి ఊదినట్టు సన్నగా. రేచుకుక్కలు మొరగవు, ఒకదాన్నొకటి ఇలాగే పిలుచుకుంటాయి. ఆ పిలుపుకి రాయి పక్కనుంచి ఒకటి లేచింది. మేము ఇంతసేపూ రాయి అనుకున్న దాంట్లో సగం అదే. ఇటుకరంగు ఒళ్ళు, గుండ్రటి చెవులు, కుంచెలాంటి నల్లతోక. చెవి మీద వానచుక్కలు విదిలించుకుని, నేరుగా మావైపే చూసింది. వెనక పొదలోంచి ఇంకో రెండు వచ్చాయి. వేటాడి తెచ్చిన దాన్ని ఇవి ముందు పిల్లల్ని తిననిస్తాయని చెబితే, అత్తయ్య "ఓలమ్మ, మనిషి కంటే నయం" అన్నారు.

పొద్దున గర్భగుడిలో చిన్నది అడిగిన ప్రశ్న నాకు అక్కడ మళ్ళీ గుర్తొచ్చింది. ఈ రోజుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళినా, వెళ్ళీ వెళ్ళగానే చూడ్డానికి ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి, లేకపోతే డబ్బులు దండగ అనే లెక్కలోకి వచ్చేశాం. మన పక్కనున్న కంబాలకొండ 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. అందులో చిరుతపులి ఉంది, సాంబరు ఉంది, చుక్కల జింక ఉంది. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చిరుతని చూడలేదు. అది ఉన్నట్టు నాకు తెలుసు, దానికి నేను ఉన్నట్టు తెలిసే ఉంటుంది, అది చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన మర్నాడు ఈ కొండల మీద ఒక్క ఆకు లేదు. చెట్లన్నీ మోళ్ళు. ఇంటి మేడ మీదినుంచి చూసి ఈయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇక ఈ అడవి కోలుకోదేమో అనుకున్నాం. ఇవాళ జూ వెనక అదే కొండ పచ్చగా, మబ్బు తగులుతూ ఉంది. మా చిన్నదానికి ఆ మోళ్ళ సంగతే తెలియదు.

సీతాకోకచిలుకల పార్కుకి వెళ్ళడానికి టైం చాలలేదు. ఎలుగుబంట్లని దూరం నుంచే చూశాం. వచ్చేటప్పుడు హనుమంతవాక దగ్గర ట్రాఫిక్ ఉన్నా ఎవరూ విసుక్కోలేదు.

రాత్రి భోజనాల దగ్గర చిన్నది తన మాట తెచ్చింది. వచ్చే అక్షయ తృతీయకి నిజరూపం చూడాలట, నానమ్మతో కలిసి. ఆ క్యూలో గంటల తరబడి ఈ వయసు పిల్లనీ, మోకాళ్ళ నొప్పులతో ఆవిడనీ నిలబెట్టడం కుదరదని ఈయన అన్నారు. నాకూ ఆ రద్దీ అంటే భయమే. కానీ అత్తయ్య ముఖం చూశాక వద్దనలేకపోయాను. "తెల్లారుజామున వెళ్దాం, అది నన్ను పట్టుకుంటుంది, నేను దాన్ని పట్టుకుంటాను" అన్నారు ఆవిడ. రోజూ సాయంత్రం వీధి చివరిదాకా నడిచి మోకాళ్ళు అలవాటు చేసుకుంటానని కూడా అన్నారు. వైశాఖానికి ఇంకా తొమ్మిది నెలలుంది. రేపటి నుంచి ఆవిడతో పాటు నేనూ నడుస్తాను.