తెల్లవారుజాము చలిలో పాప నిద్ర

ముసురు విడిచి ఈరోజు ఎండ కాసింది. పొద్దున్నే పాపను అత్త ఒళ్ళో కూర్చోబెట్టి, పరుపు, బొంతలు, జమఖానా అన్నీ మేడ మీదికి మోసుకెళ్ళి ఆరేశాను. ఈశాన్య రుతుపవనాల వానలు మా తిరుపతిలో డిసెంబర్ దాకా ఏదో ఒక వాయుగుండంతో వస్తూనే ఉంటాయి. ఆ రోజుల్లో దుప్పటి ఆరిపోయిందనే అనిపిస్తుంది, చేతిలోకి తీసుకుంటే మాత్రం బరువుగా, చల్లగా తగులుతుంది. ఒంటి వేడిని పట్టి ఉంచేది పోగుల మధ్య నిలిచే గాలి. చెమ్మకు దూది అణిగిపోతే ఆ గాలి నిలవదు, అప్పుడు బొంత ఎంత మందంగా ఉన్నా లాభం లేదు. సాయంత్రం నాలుగింటికి కిందికి తెచ్చేసరికి బొంత బాగా పొంగి ఉంది. అత్త దాన్ని మొహానికి ఆనించుకుని "ఇప్పుడు బాగుండాది, బిడ్డ కింద ఇదే పరుద్దాం" అంది.

ఈ వారం నా భార్యకు నైట్ డ్యూటీ. ఆమె నర్సు. రాత్రి వెళ్తే పొద్దున ఎనిమిది దాటాకే ఇంటికి రావడం. కాబట్టి రాత్రి పాప బాధ్యత నాది. సాయానికి అత్త పలమనేరు నుంచి వచ్చింది. పాపకు ఏడాదిన్నర. పడుకున్న చోట ఉండదు. తల ఉత్తరానికి పెట్టి పడుకోబెడితే గంటకల్లా కాళ్ళు అటు వచ్చేస్తాయి, దుప్పటి గోడవారకి పోతుంది. దుప్పటి కప్పడం ఈ వయసు పిల్లల దగ్గర పనికొచ్చే ఉపాయం కాదని నాకు ఈ చలికాలం మొదట్లోనే అర్థమైంది. వాళ్ళతో పాటు కదిలేదేదైనా ఒంటి మీదే ఉండాలి.

అత్తకు చలంటే పలమనేరు చలి. చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కితే గాలే మారిపోతుంది. తిరుపతి కంటే ఆ ఊరు సుమారు 500 మీటర్లు ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీల చొప్పున చల్లబడుతుందన్న లెక్క వేసుకుంటే అక్కడ మూడు డిగ్రీలు తక్కువ. పైగా అత్తవాళ్ళది పాతకాలం పెంకుటిల్లు, సందుల్లోంచి గాలి దూరుతుంది. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ఆమె చేతికి పిల్ల కాళ్ళు చల్లగా తగిలితే ఊరుకోలేదు. "కాళ్ళు సల్లగా ఉండాయి నాయనా, సాక్సులు తొడుగు, కుళ్ళాయి పెట్టు" అంటుంది. కుళ్ళాయి అంటే టోపీ. అది అక్కడ సరైన మాటే. మా ఇల్లేమో పై అంతస్తు. పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి పదకొండు దాకా వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. గోడకు తగిలించిన థర్మామీటర్ తొమ్మిదింటికి 24 చూపిస్తుంది, తెల్లవారుజామున 21కి దిగుతుంది. ఆ మూడు డిగ్రీల తేడాలోనే మా రాత్రి అంతా ఉంది. తొమ్మిదింటి చలికి సరిపోయే బట్ట నాలుగింటికి చాలదు, నాలుగింటికి సరిపోయేది తొమ్మిదింటికి తొడిగితే పిల్లకు చెమట పడుతుంది. చెమట పట్టిన బట్ట తెల్లవారుజామున ఒంటికి అంటుకుని చల్లబడుతుంది. పిల్లలకు పడిశం పట్టడానికి కారణం చలి కాదు, వైరస్సులు. అది నేను ఒప్పుకుంటాను. కానీ తడి బట్టతో పిల్ల సుఖంగా నిద్రపోదు కదా.

బూస్టర్ టీకాకు వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. చేతులూ కాళ్ళూ ముట్టుకుని చలి లెక్క కట్టొద్దు, చిన్నపిల్లల్లో అవి చల్లగా ఉండడం మామూలే, మెడ వెనక వేళ్ళు పెట్టి చూడండి అని. మెడ వెనక పొడిగా, గోరువెచ్చగా ఉంటే పిల్ల బాగున్నట్టే. తడిగా ఉంటే ఒక బట్ట తీసేయాలి. చల్లగా ఉంటే ఒకటి తొడగాలి. ఈ మాట అత్తకు చెప్పాను. ఆమె వెంటనే పాప మెడ వెనక చెయ్యి పెట్టి చూసింది, తర్వాత నా మెడ వెనక కూడా పెట్టి చూసింది. పోల్చి చూసుకోవడం ఆమెకు అలవాటు. అప్పటి నుంచి సాక్సుల మాట తగ్గింది.

మధ్యాహ్నం షాపులో. మాది గాంధీ రోడ్డులో పిల్లల బట్టల కొట్టు. నేను అక్కడ సేల్స్‌లో పనిచేస్తాను. ధనుర్మాసంలో కొండకు వెళ్ళేవాళ్ళు స్వెట్టర్ల కోసం ఆగుతారు. ఈరోజు విజయనగరం వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది, చంకలో మా పాపంత మగపిల్లాడు. రేపు కల్యాణకట్టలో పుట్టువెంట్రుకలు తీయిస్తారట. పిల్లాడి తల్లి బొచ్చు ఉన్న మందపాటి జాకెట్ చూపించమంది. అది మొత్తం పాలిస్టర్. చెమటను పీల్చదు. నేను దాన్ని పక్కన పెట్టి లోపలికి ఒక కాటన్ ఇంటర్‌లాక్ బనీను, పైన ముందువైపు బటన్లున్న ఊలు స్వెట్టర్ ఇచ్చాను. తిరుపూరు నుంచి వచ్చే ఆ ఇంటర్‌లాక్ బట్టకు రెండు వైపులా ఒకే అల్లిక ఉంటుంది, ఒంటికి మెత్తగా ఉండి చెమటను పీలుస్తుంది.

ముందువైపు బటన్లే ఎందుకో కూడా వాళ్ళకు చెప్పాను. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో జనం ఒంటి వేడికే ఉక్కగా ఉంటుంది, అక్కడ విప్పేయాలి. బయటికి రాగానే కొండగాలి తగులుతుంది, అక్కడ తొడగాలి. తల మీద నుంచి లాగే స్వెట్టర్ అయితే నిద్రపోతున్న పిల్లాడికి విప్పలేరు. గుండు చేయించాక మరీ జాగ్రత్త. చిన్నపిల్లల ఒంట్లో తల వాటా పెద్దవాళ్ళ కంటే ఎక్కువ, అందుకే అక్కడి నుంచి వేడి బాగా పోతుంది. పైన చందనం కూడా పూస్తారు. బయట ఉన్నంతసేపూ టోపీ ఉండాలి. కాటేజీలో పడుకోబెట్టాక మాత్రం తీసేయమన్నాను. మూసిన గదిలో తలకు కూడా కప్పేస్తే పిల్లాడి ఒంటి వేడి పోవడానికి దారే ఉండదు, జారి ముక్కు మీదికి వస్తే ఇంకా ప్రమాదం. ఆ తండ్రి శ్రద్ధగా విన్నాడు. జాకెట్ అమ్మితే కొట్టుకు ఇంకో నాలుగు వందలు వచ్చేవి. ఓనర్ ఏమీ అనలేదు, ఆయనకూ మనవలున్నారు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కింది వాటా ఆవిడ కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి చిన్న గిన్నెలో తెచ్చి పెట్టింది, పాప ఛాతీకి రాయమని. ప్రేమతో తెచ్చింది. కానీ రెండేళ్ళలోపు పిల్లలకు కర్పూరం వద్దని నా భార్య ఎప్పుడూ గట్టిగా చెప్తుంది. పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు, కర్పూరం కడుపులోకి వెళ్తే కొద్దిపాటికే ఫిట్స్ రావచ్చు. ముక్కుకు రాసే బామ్‌లలో కూడా అదే ఉంటుంది. ఆవిడ నొచ్చుకోకుండా గిన్నె తీసుకుని, అత్త మోకాళ్ళకు రాశాను. అత్తకు హాయిగా ఉంది.

అత్త తన చిన్నప్పటి కుంపటి సంగతి కూడా ఎత్తింది. మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి పడుకునేవాళ్ళట. నాకు వినగానే గుండె ఝల్లుమంది. పెంకుల సందుల్లోంచి గాలి ఆడే ఇంట్లో ఏదోలా గడిచింది. కిటికీలు బిగించిన శ్లాబు గదిలో బొగ్గులు పెడితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ప్రతి చలికాలం ఇలాంటి వార్త ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంది. సాంబ్రాణి కూడా పడుకునే గదిలో వద్దనుకున్నాం, ఆ పొగ పాప గొంతుకు పడదు.

ఎనిమిదిన్నరకు పాపకు పప్పన్నం, నెయ్యి. ఆ తర్వాత పక్క వేయడం. కింద టైల్స్ చల్లగా ఉంటాయి. పైన ఎంత కప్పినా కింది నుంచి వేడి లాగేస్తాయి, ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. అందుకే నేలకు ముందు చాప, దాని మీద జమఖానా, దాని మీద పరుపు, పైన ఎండలో పెట్టిన బొంత. నేను పక్క వేయడానికి పట్టే సమయాన్ని తగ్గించుకోను.

ఆ తర్వాత ఫ్యాన్. బయటివాళ్ళకు వింతగా ఉండొచ్చు గానీ తిరుపతిలో డిసెంబర్‌లో కూడా ఫ్యాన్ తిరుగుతుంది, దోమల కోసం. ఫ్యాన్ గాలికి ఒంటి చుట్టూ ఉండే పల్చటి వెచ్చటి గాలి పొర కొట్టుకుపోతుంది. పాపకు అదనంగా ఒక బట్ట వేసి, దాని మీద ఫ్యాన్ పెట్టడం నాకు అసలు నచ్చదు. దోమతెర కట్టాక ఫ్యాన్ ఆపేశాం. తెర లోపల గాలి కదలిక కొంచెం తగ్గుతుంది కాబట్టి అదీ మేలే. వెంటిలేటర్ మాత్రం తెరిచే ఉంచుతాం.

పాప ఒంటికి పూర్తి చేతుల కాటన్ బనీను, పైజమా. దాని మీద అత్త కుట్టిన సంచి గౌను. ఆన్‌లైన్‌లో స్లీప్ శాక్ అని అమ్ముతారు, మందాన్ని టాగ్ అనే అంకెతో చెప్తారు. గది 20 నుంచి 24 డిగ్రీలు ఉంటే 1 టాగ్ సరిపోతుందని రాసి ఉంటుంది. ధర చూసి అత్త తన పాత వెంకటగిరి చీర రెండు మడతలుగా వేసి, మధ్యలో పల్చటి దూది పెట్టి, బొంత కుట్టినట్టే దగ్గర దగ్గరగా దారం లాగింది. చేతులు లేవు, చంకల దగ్గర గాలి ఆడుతుంది. పక్కన జిప్పు. మెడ దగ్గర వేలు పట్టేంత వదులు ఉంది గానీ తల లోపలికి జారేంత లేదు, దీన్ని నేను మళ్ళీ మళ్ళీ కొలిచి చూశాను. కింద వెడల్పు కాబట్టి కాళ్ళు ఎంత తన్నుకున్నా ఊడిపోదు. ఏడాదిలోపు పిల్లల దగ్గర దుప్పట్లు, దిండ్లు ఏవీ పెట్టకూడదంటారు, ఊపిరాడకపోయే ప్రమాదం వల్ల. మా పాప ఆ వయసు దాటింది, అయినా ఈ గౌను ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

తొమ్మిదింటికి గౌను తొడగలేదు, బనీను పైజమాతోనే పడుకోబెట్టాను. పదకొండున్నరకు మెడ వెనక చూస్తే పొడిగా ఉంది, శ్లాబు వేడి తగ్గడం మొదలైంది. అప్పుడు తొడిగి, జిప్పు సగం దాకా వేశాను. మూడున్నరకు అలారం. ఒంటి వేడి సహజంగా తగ్గే సమయం తెల్లవారుజామే, బయట చలి పెరిగేదీ అప్పుడే, రెండూ కలిసొస్తాయి. పాప చలికి ఏడ్చిందని మనం అనుకునే చాలా రాత్రుల్లో అసలు కారణం నిండిన డైపర్. ఈ రాత్రీ అంతే, పైజమా అంచు కొంచెం తడిసింది. డైపర్, పైజమా మార్చాను. చేతులు ముందే రుద్దుకుని వేడి చేసుకున్నాను కాబట్టి ఉలిక్కిపడలేదు. జిప్పు పూర్తిగా వేశాను. దూరంగా గుడి మైకులో తిరుప్పావై మొదలయ్యే వేళకి మళ్ళీ గాఢనిద్ర.

ఎనిమిదిన్నరకు నా భార్య వచ్చింది. చెప్పులు విప్పకుండానే "రాత్రి ఎట్లుంది?" అని అడిగింది. చెప్పాను. స్నానం చేసి వచ్చి తను కూడా పాప మెడ వెనక వేళ్ళు పెట్టి చూసింది, పర్లేదన్నట్టు తలూపింది.

సంక్రాంతికి పలమనేరు వెళ్ళాలి. అక్కడికి ఇంకో ఇంటర్‌లాక్ బనీను, పాదాలు మూసి ఉండే పైజమా రెండు, థర్మామీటర్ సర్దాలి. సంచి గౌనుకు ఇంకో మడత కుట్టడానికి అత్త ఇప్పటికే పాత చీర వెతుకుతోంది. భోగి రోజు తెల్లవారుజామున మంట దగ్గరికి పాపను తీసుకెళ్తే పొగకు ఎదురుగా కాకుండా గాలి వచ్చే వైపు నిలబడదామని మాట్లాడుకున్నాం. ఆ పూట మాత్రం కుళ్ళాయి పెట్టడానికి నేను కూడా ఒప్పుకున్నాను.