తాళం కనబడ్డది చిన్నాయనా

పద్దెనిమిదేళ్లుగా నల్లగొండలో ఒక వకీలు సాబ్ దగ్గర గుమాస్తాగా చేస్తున్నాను. పేషీ తారీఖులు డైరీలో ఎక్కించడమే నా బతుకు. అట్లాంటిది మా అన్న కొడుకే పేషీ మర్చిపోయి వారెంటు తెచ్చుకున్నాడు.

కేసు సంగతి చెప్తే నవ్వుతారు. పోయినేడు క్లాక్ టవర్ దగ్గర ఎవరిదో బండికి తాళంచెవి అట్లనే ఉంది. వీడు ఎక్కి పానగల్ చెరువు కట్ట దాకా పోయి, తిరిగి అక్కడికే తెచ్చాడు. అప్పటికే బండాయన కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకొని నిలబడ్డాడు. ఎందుకు తీశావురా అని నేనడిగితే, "తాళం కనబడ్డది చిన్నాయనా" అన్నాడు. అబద్ధం కాదు. ఆ నిమిషంలో వాడి బుర్రలో అంతకు మించి ఏమీ లేదు. స్టేషన్లో తొందరగా ఇంటికి పోవచ్చని, అడిగినదానికల్లా ఊ కొట్టాడట. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని వాడికేం తెలుసు?

బెయిలొచ్చింది. రెండు పేషీలకు నేనే తోలుకపోయాను. మూడోదానికి నాకు జ్వరం, వకీలు సాబ్ హైదరాబాద్‌లో. అటెండర్ మూడుసార్లు పేరు పిలిచాడు. ఈ రోజు రాలేకపోయాడు, మన్నించండని కోర్టును అడిగే ఆబ్సెంట్ పిటిషన్ వేసే దిక్కు లేదు. ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్ బెయిలబుల్ వారెంటు పడింది. తొమ్మిది రోజులు లోపల ఉన్నాడు. "లెక్కలేనితనం" అన్నారు చూసినవాళ్లంతా. నేనూ అన్నాను, దాచడమెందుకు.

బయటికొచ్చాక హైదరాబాద్‌లో మానసిక వైద్యుడికి చూపించాం. ఏడీహెచ్‌డీ అన్నారు, అంటే ధ్యాస నిలవకపోవడం, ఆలోచించకుండా పని చేసేయడం. ఇరవై రెండేళ్లకు ఒక పేరు దొరికింది; బడిలో అయితే "కోతి" అనేవాళ్లు. చాలా దేశాల జైళ్ల అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్క తీస్తే, ఖైదీల్లో నాలుగో వంతు మందికి ఇది ఉన్నట్టు తేలిందని ఆ డాక్టరే చెప్పారు. మా అన్న ముఖం పాలిపోయింది. ఇదున్నవాళ్లంతా జైలుకు పోతారని కాదండీ, అని ఆయనే సర్ది, స్వీడన్ సంగతి చెప్పారు. 2012లో అచ్చయిన పరిశోధన అది: ఇదున్నవాళ్లు మందు వాడే రోజుల్లో మగవాళ్ల నేరాలు 32 శాతం, ఆడవాళ్లవి 41 శాతం తగ్గాయట. అలాంటి మందుల్లో ఒకటైన మిథైల్‌ఫెనిడేట్ మన దగ్గర షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే గట్టి కట్టుబాట్లున్న మందుల జాబితాలో ఉంది, ప్రతి మెడికల్ షాపులో దొరకదు. దానికోసం ఇంకో తిరుగుడు.

చట్టంలో దారి వెతికాను. మతి స్థిమితం లేనివాళ్లకు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 22వ సెక్షన్ ఉంది కానీ, వీడికి తను చేసేదేంటో తెలుసు, కాబట్టి వర్తించదు. 2016 వికలాంగుల చట్టంలో 21 రకాలు రాశారు, అందులో ఆటిజం ఉంది, ఇది లేదు. డాక్టర్ కాగితం ఫైల్లో పెట్టి ఊరుకున్నాం.

నాకు తెలిసిన మందు ఒకటే. కోర్టు హాల్లో తారీఖు నోటితో చెప్తారు, మెట్లు దిగేసరికి వీడికి గుర్తుండదు. అందుకే అక్కడికక్కడే చీటీ రాసి ఫోన్ కవర్లో, పైకి కనబడేటట్టు పెడుతున్నాను. ముందురోజు రాత్రి వాళ్లమ్మకు ఫోన్. పొద్దున మళ్లీ ఫోన్.

మొన్నటి పేషీకి తొమ్మిదిన్నరకే వచ్చాడు. పిలుపు పన్నెండింటికి. ఆ మధ్యలో చెట్టు కింద టైపిస్టు రిబ్బన్ ఇరుక్కుంటే, అడగకుండానే విప్పి సరిచేసి, చేతులకు నల్ల సిరాతోనే లోపలికి పరుగెత్తాడు. సాక్షి రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. వచ్చే నెల పదహారుకు వేశారు. చీటీ రాశాను.